నిర్ణయమే అర్పణ: క్రైస్తవ అంపైర్లకు, రిఫరీలకు ఒక బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా,

క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, వాలీబాల్, కబడ్డీ, అథ్లెటిక్స్ అన్న తేడా లేకుండా, ఆటస్థలంలో తీర్పు చెప్పే బాధ్యతను నెత్తిన వేసుకొన్న క్రైస్తవ అంపైర్లకు, రిఫరీలకు, లైన్ జడ్జీలకు, స్కోరర్లకు మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు. చాలా కాలంగా క్రికెట్ అంపైరుగా నిలబడుతున్న మీ సహోదరుడిగా ఈ లేఖ రాస్తున్నాను. ఇది ఏ ఒక్కరి చెవిలోనో చెప్పవలసిన సంగతి కాదు గనుక, దీని మీద మన మధ్య బాహాటంగా చర్చ జరగాలని కోరుకొంటున్నాను గనుక బహిరంగంగానే రాస్తున్నాను.

“అంపైరింగ్ కూడా ఆరాధనే” అన్న మాట మన సహవాస కూడికలలో తరచుగా వినబడుతున్నది. ఆ మాటతో నాకు పేచీ లేదు. మన శరీరాలను సజీవ యాగంగా సమర్పించుకోమని పౌలు రోమా సంఘాన్ని బతిమాలినప్పుడు ఆదివారం ఉదయం మాత్రమే సమర్పించమని చెప్పలేదు. “మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి” అని కొలొస్సయులకు రాసినప్పుడు ఆయన నేరుగా సంబోధించినది దాసులను. యజమానుల ఇళ్లలో వారు చేసిన చాకిరీ ప్రభువు సేవగా లెక్కకు వచ్చినప్పుడు మనం ఊదే విజిల్, ఎత్తే వేలు ఎందుకు రాకూడదు? నా అభ్యంతరం వేరే చోట ఉన్నది. ఆ మాటను మనం మన పనికి ఒక అలంకారంగా తగిలించి, అది నిజమైతే మన మీద పడే బరువేమిటో ఆలోచించకుండా వదిలేస్తున్నాము. మ్యాచ్‌కు ముందు చేతులు పట్టుకొని చేసే ప్రార్థన మంచిదే. కిట్ బ్యాగు మీద రాసుకొనే వాక్యమూ మంచిదే. కాని మన పనినే ఆరాధన అంటున్నాము గనుక, మనం దేవుని ముందు పెడుతున్న అర్పణ మన నిర్ణయం. నోబాల్ అవునా కాదా, బంతి గీత దాటిందా లేదా, రైడరు చేయి తగిలిందా లేదా అన్నదే ఆ అర్పణ. దాని నాణ్యతను గురించి మాట్లాడకుండా దాని చుట్టూ ఉన్న భక్తిని గురించి మాట్లాడుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

అర్పణ నాణ్యతను గురించి మలాకీ ప్రవక్త చాలా కఠినంగా మాట్లాడాడు. గ్రుడ్డిదానిని, కుంటిదానిని, రోగము గలదానిని బలిపీఠం దగ్గరకు తోలుకొచ్చిన యాజకులను, అటువంటివాటిని మీ అధికారికి కానుకగా ఇచ్చి చూడండి, అతడు పుచ్చుకొంటాడా అని నిలదీశాడు. ప్రేక్షకులు మనల్ని తిట్టే తిట్లలో మొదటిది ఏమిటో మీకు తెలుసు గనుక, ఆ జాబితాలో గ్రుడ్డిది ముందు రావడం నాకు చదివినప్పుడల్లా కొంచెం చురుక్కుమంటుంది. నియమాల పుస్తకం తాజా కూర్పు తెరవకుండా సీజనులోకి దిగడం, రెండేళ్లుగా కంటి పరీక్ష చేయించుకోకపోవడం, పరుగెత్తలేని ఒంటితో ఆటకు ముప్పై గజాల వెనుక నుంచి ఫౌల్ ఇవ్వడం, ఇవన్నీ మలాకీ చెప్పిన కోవలోకే వస్తాయి. అటువంటి నిర్ణయం ముందు, వెనుక ఎంత ప్రార్థన చేసినా అది ఆరోగ్యమైన బలి కాదు.

మోషేకు న్యాయాధిపతులను ఏర్పరచుకోమని సలహా ఇచ్చిన ఆయన మామ ఇత్రో ఎటువంటివారిని ఎంచుకోవాలో కూడా చెప్పాడు: “సామర్థ్యము, దైవభక్తి, సత్యాసక్తి కలిగి, లంచగొండులు కాని మనుష్యులను”. దైవభక్తి ఒక్కటే చాలునని ఆ మామగారు చెప్పలేదు. అన్యమతాల ఆటలలో సైతం ఈ సంగతి గుర్తింపు పొందింది. ప్రాచీన గ్రీసులో ఒలింపియా ఆటలు జ్యూస్ దేవత గౌరవార్థం జరిగేవి గనుక అక్కడి నిర్ణేతల పని మతకార్యంలో భాగమే. ఆ నిర్ణేతలు ఆటలకు ముందు పది నెలల పాటు ఎలిస్ నగరంలో ఒకేచోట ఉండి తమ విధులను నేర్చుకొనేవారని ప్రాచీన గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. లేని దేవుని పేరిట పది నెలలు చదివినవారు ఉండగా, జీవముగల దేవుని పేరు చెప్పుకొనే మనం ముందు రోజు రాత్రి పేజీలు తిరగేసి వెళ్లడం ఏమి మర్యాద? బేస్‌బాల్‌లో టెడ్ బారెట్ అనే మేజర్ లీగ్ మాజీ అంపైరు దైవసేవకుడు కూడా. 1999లో ఒకటి, 2012లో ఒకటి, రెండు పర్‌ఫెక్ట్ గేమ్‌లకు (అవతలి జట్టులో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆటలకు) ప్లేటు వెనుక నిలబడి బంతి బంతికీ తీర్పు చెప్పినవాడు ఆయన. సంఘంలో ఆయన ఏమి బోధించాడన్నది బ్యాటు పట్టుకొని ఎదురుగా నిలబడినవాడికి అనవసరం. పడిన బంతి స్ట్రైకా కాదా అన్నది సరిగా చెబితే చాలు.

ఎల్బీడబ్ల్యూ (వికెట్లకు తగలబోయే బంతికి బ్యాటరు కాలు అడ్డం పడితే ఇచ్చే ఔట్) అప్పీలు వచ్చిన క్షణాన్ని దగ్గరగా చూద్దాం. బౌలరు ముందు పాదంలో కొంత భాగమైనా పాపింగ్ క్రీజు (స్టంపుల ముందున్న గీత) వెనుక ఉన్నదో లేదో చూసిన కళ్లు అదే ఊపున పైకి లేచి బంతిని పట్టుకోవాలి. బంతి ప్యాడుకు తగులుతుంది. బౌలరు, కీపరు, స్లిప్పులు ఒక్కసారిగా గొంతెత్తుతారు. ఆ అరుపులో సాక్ష్యం ఏమీ లేదు; నియమం ప్రకారం అది ఒక ప్రశ్న, అంతే. ఆ ప్రశ్న అడగనిదే మనం బ్యాటరును ఔట్ ఇవ్వకూడదు కూడా. ఇక మన లోపలి విచారణ మొదలవుతుంది. బంతి లెగ్ స్టంపు లైనుకు బయట పిచ్ అయిందా? అయితే ఇక ముందుకు పోనక్కరలేదు, నాటౌట్. ముందు బ్యాటుకు తగిలిందా? ప్యాడుకు తగిలిన చోటు ఆఫ్ స్టంపు లైనుకు బయట ఉన్నదా, ఉంటే బ్యాటరు నిజంగా బంతిని ఆడబోయాడా? చివరికి, ఆ ప్యాడు అడ్డం లేకపోతే బంతి వికెట్లకు తగిలేదా? వీటన్నింటికీ రెండు మూడు సెకన్లు చాలు, కాని ఆ రెండు మూడు సెకన్లు తప్పకుండా కావాలి. “సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందును” అని సామెతల గ్రంథం చెప్పేది ఈ తొందరను గురించే. అంపైరింగ్‌లో ఆరాధన ఎక్కడ ఉన్నదని నన్ను ఎవరైనా అడిగితే, పదకొండు మంది చేతులెత్తి అరుస్తున్నప్పుడు ఒక్క ప్రశ్ననైనా దాటవేయకుండా వరుసగా వేసుకొనే ఆ రెండు మూడు సెకన్లలో ఉన్నదని చెబుతాను.

అరుపుల సంగతి వచ్చింది గనుక అక్కడ కొంచెం ఆగాలి. జనసమూహపు హోరు మన మీద పనిచేయదని మనలో ప్రతివాడూ అనుకొంటాడు. 2002లో ఇంగ్లండులో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో నలభై మంది అర్హత గల ఫుట్‌బాల్ రిఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 ఘటనలను వీడియోలో చూపించారు. కొందరికి ప్రేక్షకుల హోరుతో, మిగిలినవారికి శబ్దం లేకుండా. హోరు విన్నవారు సొంత మైదానపు జట్టు మీద దాదాపు 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. అవతలి జట్టును వారు ఎక్కువగా శిక్షించలేదన్నది గమనించవలసిన విషయం. వారు చేసింది అన్యాయంగా విజిల్ ఊదడం కాదు, ఊదవలసిన చోట వెనుకాడడం. గొడవ ఎందుకులే అన్న ఆ మెత్తదనం వారికి పక్షపాతంగా కనిపించి ఉండదు. స్పెయిన్ లీగును పరిశీలించిన మరొక అధ్యయనంలో, సొంత జట్టు ఒక గోల్ వెనుకబడి ఉన్నప్పుడు రిఫరీలు అదనపు సమయాన్ని ఎక్కువగా, ముందంజలో ఉన్నప్పుడు తక్కువగా ఇస్తున్నట్లు తేలింది. వీరిలో ఎవరూ లంచం పుచ్చుకొన్నవారు కారు. చుట్టూ ఉన్నవారి సంతోషం వారి గడియారంలోకి చొరబడింది.

ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్పే సంఘాలలో యేసు, మరియ కాక వినబడే మనిషి పేరు ఒక్కటే, అది ఒక న్యాయాధిపతిది. పొంతి పిలాతుకు వాస్తవం తెలియక కాదు. ఈ మనుష్యునియందు నాకు ఏ నేరమును కనబడలేదని లూకా సువార్త ప్రకారం మూడు మార్లు చెప్పాడు. అంటే ఆయన నిర్ణయం మొదటిసారే సరిగా ఉన్నది. ఆ తరువాత జరిగినదాన్ని లూకా మూడు మాటలలో ముగించాడు: “వారి కేకలే గెలిచెను”. మైదానంలో మనం తీసుకొనే నిర్ణయాలకు ఆ తీర్పు పాటి బరువు లేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా సరిగా చూసి, సరిగా తెలుసుకొని, అరుపుకు లొంగిపోయే ఆ బలహీనత మనకు రోజూ ఎదురయ్యేదే. అందుకే మోషే తన న్యాయాధిపతులతో “న్యాయపుతీర్పు దేవునిదే గనుక మీరు మనుష్యుని ముఖము చూచి భయపడవద్దు” అన్నాడు. తీర్పు మనది కానప్పుడు దాన్ని జనానికి తీపి చేసి పంచే హక్కు కూడా మనకు లేదు.

భయం వల్ల వచ్చే వంకరతనం కన్నా జాలి వల్ల వచ్చేది పట్టుకోవడం కష్టం. లేవీయకాండం ఈ విషయంలో ఆశ్చర్యకరంగా మాట్లాడుతుంది: “బీదవాడని పక్షపాతము చేయకూడదు, గొప్పవాడని అభిమానము చూపకూడదు”. గొప్పవాడి వైపు మొగ్గకూడదన్నది ఎవరైనా చెబుతారు. వరుసగా ఓడిపోతున్న జట్టు, మొదటి మ్యాచ్ ఆడుతున్న కుర్రవాడు, గాయం నుంచి కోలుకొని వచ్చిన అమ్మాయి, వీరి మీద కలిగే కనికరం కూడా నిర్ణయంలోకి రాకూడదని చెప్పడానికి ధర్మశాస్త్రం కావలసివచ్చింది. ఆ కనికరం మంచిదే, కాని దాని ఖర్చు అవతలి జట్టు భరిస్తుంది. మనం మన జేబులోంచి ఏమీ ఇవ్వడం లేదు.

మన సొంతవారి సంగతి ఇంకా కష్టం. క్రీ.పూ. 396లో ఒలింపియా పరుగు పందెంలో ముగ్గురు నిర్ణేతలలో ఇద్దరు ఎలిస్ నగరానికి చెందిన యూపోలెమస్ గెలిచాడన్నారు, మూడవవాడు అంబ్రాసియాకు చెందిన లియోన్ గెలిచాడన్నాడు. నిర్ణేతలు కూడా ఎలిస్ నగరంవారే. లియోన్ ఒలింపిక్ సభకు ఫిర్యాదు చేయగా ఆ ఇద్దరు నిర్ణేతలకు జరిమానా పడింది, కిరీటం మాత్రం యూపోలెమస్‌కే మిగిలింది. టెస్ట్ క్రికెట్ ఈ చిక్కును గుర్తించి 1994 నుంచి ఒక తటస్థ దేశపు అంపైరును, 2002 నుంచి ఇద్దరినీ తటస్థ దేశాల నుంచే నియమించడం మొదలుపెట్టింది. అంతకు ముందు పనిచేసినవారందరూ మోసగాళ్లని దీని అర్థం కాదు. నిజాయతీపరుడికి సైతం తన ఊరు కళ్లకు అడ్డం పడవచ్చునని ఒప్పుకోవడం అది. మనకు ఊరితో పాటు విశ్వాసం అనే బంధుత్వం కూడా ఉన్నది. సంఘాల మధ్య జరిగే టోర్నమెంట్లలో మనల్ని పిలిచేటప్పుడు “మనవాళ్లే కదా, చూసీచూడనట్లు పోండి” అన్న మాట నవ్వుతూనే అంటారు. అటువంటి మ్యాచ్‌లలోనే నియమం అన్నింటికన్నా ఎక్కువగా చులకన అవుతుందని నా అభిప్రాయం.

ఒక సందర్భం ఊహించండి. ఫుట్‌బాల్ మ్యాచ్ చివరి నిమిషంలో గోల్ కొట్టిన యువకుడు ఆనందం పట్టలేక జెర్సీ విప్పి తల మీదుగా తీసేశాడు. లోపలి బనియను మీద యేసు నామం పెద్ద అక్షరాలతో ఉన్నది. అతడు మోకాళ్లూని చేతులు పైకెత్తాడు. స్టాండ్సులో అతని సంఘంవారు హల్లెలూయ అంటున్నారు. అతనికి అప్పటికే ఒక పసుపు కార్డు ఉన్నది. గోల్ సంబరంలో జెర్సీ విప్పితే హెచ్చరిక తప్పదని నియమం చెబుతుంది. లోదుస్తుల మీద మతపరమైన, రాజకీయ, వ్యక్తిగత నినాదాలు చూపరాదని కూడా చెబుతుంది. క్రైస్తవ రిఫరీ ఆ క్షణంలో చేయవలసిన ఆరాధన రెండవ పసుపు కార్డు, దాని వెంట ఎర్ర కార్డు చూపించి, ఆ నినాదం సంగతి నివేదికలో రాయడం. అదే బనియను మీద వేరొక దేవుని పేరు ఉంటే ఏమి చేసేవాడో అదే ఇక్కడా చేయాలి, అంతే వేగంతో, అదే ముఖంతో. ఇది చదివి మీలో కొందరికి గొంతులో వెలక్కాయ పడినట్లు ఉంటుందని నాకు తెలుసు. కాని “జెట్టియైనవాడు పోరాడునప్పుడు నియమ ప్రకారము పోరాడకుంటే వానికి కిరీటము దొరకదు” అని తిమోతికి రాసిన అపొస్తలుడికి ఆ కార్డు అర్థమై ఉండేదని నేను నమ్ముతున్నాను.

ఇదే కారణం చేత, విజిల్ చేతిలో ఉన్నంతసేపు ఆటగాళ్లకు సువార్త చెప్పే ప్రయత్నం వద్దని కూడా విన్నవించుకొంటున్నాను. కార్డు చూపగలిగిన మనిషి చెప్పే మాటను ఆటగాడు స్వేచ్ఛగా వినలేడు, స్వేచ్ఛగా కాదనలేడు. చెప్పవలసినది ఉంటే ఆ అధికారం దిగిపోయిన తరువాత, అతడు అడిగితే చెప్పవచ్చు.

“మీరు తీర్పు తీర్చకుడి” అని ప్రభువే అన్నాడు కదా, ఈ వృత్తి మనకు తగునా అని అడిగే సహోదరులు ఉన్నారు. అదే ప్రభువు “వెలి చూపునుబట్టి తీర్పు తీర్చక న్యాయమైన తీర్పు తీర్చుడి” అని కూడా అన్నాడు. రిఫరీ తీర్పు చెప్పేది చేసిన పనిని గురించి. మనిషిని గురించి కాదు. వాలీబాల్‌లో నెట్ తగిలిందన్నది ఒక వాస్తవం, తగిలించినవాడు అబద్ధికుడన్నది మన ఊహ. ఈ రెండింటినీ కలిపేసే రిఫరీ అయిదవ నిమిషంలో ఒక ఆటగాడి మీద అభిప్రాయం ఏర్పరచుకొని, ఎనభైవ నిమిషంలో అతడు నిజంగా పడిపోయినా నటిస్తున్నాడనే అనుకొంటాడు. ప్రభువు వద్దన్న తీర్పు అదేనని నాకు తోస్తుంది.

అధికారాన్ని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మీలో గొప్పవాడై యుండగోరువాడు మీ పరిచారకుడై యుండవలెనన్న మాట మనందరికీ కంఠతా వచ్చినదే. ఫుట్‌బాల్‌లో అడ్వాంటేజ్ నియమం నాకు ఈ పరిచర్యకు మంచి నమూనాగా కనిపిస్తుంది: ఫౌల్ జరిగిందని తెలిసీ, ఊదే హక్కు ఉండీ, ఊదితే నష్టపోయేది బాధిత జట్టే గనుక రిఫరీ చేతులు చాచి ఆటను సాగనిస్తాడు, ఆశించిన లాభం కొద్ది సెకన్లలో రాకపోతే వెనక్కి వచ్చి మొదటి తప్పును శిక్షిస్తాడు. తన ఉనికిని చాటుకోవాలన్న తొందర ఉన్నవాడికి ఆ కొద్ది సెకన్లు ఆగడం చేతకాదు. కార్డు చూపించేటప్పుడు కూడా అంతే. రంగు చూపించి, పేరు, నంబరు రాసుకొని పక్కకు తప్పుకొంటే సరిపోతుంది. దానికి తోడు వేలు ఆడించడం, వెటకారంగా నవ్వడం నియమాల పుస్తకంలో ఎక్కడా లేవు. “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను” అన్న ఆజ్ఞ మన సంజ్ఞలకు చక్కగా సరిపోతుంది.

ఇక పొరపాట్లు. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలరాగా అనే బేస్‌బాల్ పిచరు (బంతి విసిరేవాడు) వరుసగా 26 మందిని ఔట్ చేశాడు. 27వ మనిషి కూడా ఔటైతే అది పర్‌ఫెక్ట్ గేమ్, ఆ ఆట సుదీర్ఘ చరిత్రలో అతి కొద్దిమందికే దక్కిన ఘనత. ఆ 27వ మనిషి మొదటి బేస్ దగ్గర స్పష్టంగా ఔటైనా అంపైరు జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. అప్పటి నియమాలలో దాన్ని సరిదిద్దే రీప్లే లేదు. మ్యాచ్ తరువాత దృశ్యాన్ని చూసిన జాయిస్ నేను తప్పు చేశానని విలేకరుల ముందే చెప్పాడు, గలరాగాను కలిసి కన్నీళ్లతో క్షమాపణ అడిగాడు. మరునాడు ప్లేటు దగ్గర నిలబడిన జాయిస్‌కు జట్టు జాబితా కాగితాన్ని గలరాగాయే తెచ్చి ఇచ్చాడు. లీగు ఆ ఫలితాన్ని మార్చలేదు. ఒప్పుకోలు ఫలితాన్ని మార్చే ఉపాయం కాదు, మార్చకపోయినా ఒప్పుకోవలసిందేనన్నది ఇందులో నాకు నచ్చిన సంగతి. మన నియమాలు కూడా ఒప్పుకోవడానికి చోటు ఇస్తూనే హద్దు పెట్టాయి: క్రికెట్ అంపైరు వెంటనే అయితే తన నిర్ణయాన్ని మార్చుకోవచ్చు, ఫుట్‌బాల్ రిఫరీ ఆట తిరిగి మొదలు కాకముందే మార్చుకోవాలి. ఆ హద్దు దాటాక మనకు కలిగే శోధన మరొకటి. ఒక జట్టుకు తప్పుగా పెనాల్టీ ఇచ్చామని తెలిసి, అవతలి జట్టుకు ఇంకొకటి ఇచ్చి లెక్క సరిచేయాలనిపిస్తుంది. అది పశ్చాత్తాపం లాగా కనిపిస్తుంది, కాని మొదటిది పొరపాటు, రెండవది తెలిసి చేసిన అన్యాయం. సామెతల గ్రంథం దొంగత్రాసు యెహోవాకు హేయమని చెప్పింది. రెండు దొంగత్రాసులు కలిస్తే ఒక మంచి త్రాసు కాదు.

తిట్లు మనకు కొత్త కాదు. “ఆయన దూషింపబడియు బదులు దూషింపలేదు” అన్న పేతురు మాటను మనం ఆశ్రయించవలసిందే. కాని ఆ వాక్యాన్ని పట్టుకొని మ్యాచ్ నివేదికలో దాడిని, బెదిరింపును దాచిపెట్టే సహోదరులు ఉన్నారు. వారి క్షమాగుణాన్ని గౌరవిస్తూనే అది తప్పని చెబుతున్నాను. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లో కుర్రవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా నిలబడిన ఒక తండ్రి, మ్యాచ్ ముగిశాక కొందరు ఆటగాళ్లు కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. మన వంతు కోపాన్ని వదులుకోవడం మన ఇష్టం. రాబోయే వారం అదే ఆటగాడి ముందు నిలబడబోయే పదహారేళ్ల కొత్త రిఫరీ భద్రతను వదులుకొనే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు. నివేదిక సాక్ష్యం, జరిగినది పెంచకుండా, తగ్గించకుండా రాయడం అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న తొమ్మిదవ ఆజ్ఞ కిందికే వస్తుంది.

పందాల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. బాస్కెట్‌బాల్ రిఫరీ టిమ్ డోనఘీ 2007లో నేరం ఒప్పుకొన్నప్పుడు బయటపడిన వ్యవహారంలో అతడు పందెగాళ్లకు ఇచ్చినది ముఖ్యంగా లోపలి సమాచారం. ఏ రిఫరీకి ఏ మ్యాచ్ పడింది, ఎవరికి ఎవరంటే పడదు అన్న మన మామూలు కబుర్లు కూడా ఒకడికి సరుకే. నోరు కట్టుకోవడం ఈ పనిలో ఆరాధనలో భాగం.

చివరిగా, మీలో కొందరికి రుచించని సంగతి. ఆదివారం మ్యాచ్‌లు పడటం మనకు మామూలే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో స్కాట్లండ్ క్రైస్తవ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆదివారం పడిన 100 మీటర్ల హీట్ వదులుకొన్నాడు; అందరూ అలాగే చేయాలని నేను అనడం లేదు, ఆ నిర్ణయం ఎవరి మనస్సాక్షికి వారిదే. కాని “నా అంపైరింగే నా ఆరాధన గనుక సంఘానికి వెళ్లనక్కరలేదు” అన్న మాట వింటే నాకు భయం వేస్తుంది. సమాజముగా కూడుట మానవద్దని హెబ్రీ పత్రిక చెప్పింది. మైదానంలో మనల్ని దిద్దేవారు ఉండరు, అందరూ మన నోటి వైపే చూస్తారు. వారానికి ఒకసారైనా మనం తీర్పు చెప్పని చోట, మనకు చెప్పబడే వాక్యం కింద కూర్చోకపోతే ఆ అలవాటు ఇంటికి కూడా వస్తుంది. ఆదివారం ఉదయం మ్యాచ్ ఉంటే సాయంత్రపు కూడిక, అదీ కుదరకపోతే వారం మధ్యలోని సహవాసం వెతుక్కోవాలి.

ఈ లేఖతో నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. సీజను మొదలయ్యే ముందు మన సహవాసాలు జరుపుకొనే కూడికలలో సాక్ష్యాలకు, పాటలకు ఎంత సమయం ఇస్తున్నామో అంత సమయం నియమాల పుస్తకానికి కూడా ఇవ్వండి. గడచిన సీజనులో వివాదమైన మన నిర్ణయాల వీడియోలు ఉంటే తెచ్చి, పేర్లు చెప్పకుండా, అందరి ముందు వేసి చూడండి. “వ్యాజ్యెమందు వాది పక్షము న్యాయముగా కనబడును, అయితే ఎదుటివాడు వచ్చినమీదట వాని సంగతి తేటపడును” అన్న సామెతకు తగినట్లు, క్రైస్తవులు కాని తోటి అంపైర్లను, వీలైతే ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లను కూడా ఆ చర్చకు పిలవండి. మన లోపాలు మనకన్నా వారికి బాగా కనబడతాయి. కంటి పరీక్ష, పరుగు పరీక్ష తప్పినవారు ఆ సంవత్సరం స్కోరరుగానో, కొత్తవారికి శిక్షకుడిగానో పనిచేసేలా మనలో మనమే ఒక ఒప్పందానికి వద్దాం. ఇందులో మొదటి కూడికను ఏ సహవాసం ఏర్పాటు చేసినా నేను తప్పక వస్తాను, నా ఎల్బీడబ్ల్యూ నిర్ణయాలతో సహా.

ప్రభువునందు మీ సహోదరుడు,
ఒక క్రికెట్ అంపైరు